కరెంటు కోతల పంతులమ్మ

కబురు మొదట తెచ్చింది మా ఆఫీసు అటెండరు రత్తమ్మ గారు. ఆవిడ రోజూ మంగళగిరి నుంచి బస్సులో వస్తారు. ఆ పొద్దున ఫైళ్ళు నా బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు.

“అమ్మగారూ, మా వీధిలో టైపు కొట్టే ఆవిడ ఉండేది చూడండి, వాచీ లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది, ఒకసారి మన ఆఫీసుకి కూడా వచ్చిందే... ఆవిడ పోయిందండీ. గుండెనొప్పంట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందంట.”

నేనప్పుడు ఒక ట్రాన్స్‌ఫార్మర్ తగువులో ఇచ్చిన ఉత్తర్వు టైపు చేస్తున్నాను. మాట చెవిన పడింది, అర్థమైంది కూడా. అయినా నా చేతులు ఆ వాక్యం చివరిదాకా వెళ్ళి, చుక్క పెట్టి, అప్పుడు ఆగాయి. అలా నేర్పింది ఆమే. “వాక్యం మధ్యలో తలెత్తావంటే తప్పు దూరుద్ది. ఎవరు పిలిచినా చుక్క పెట్టాకే పలుకు” అనేది. ఆమె చావు కబురుకు కూడా నేను చుక్క పెట్టాకే తలెత్తాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు నాకే పరాయివిగా కనిపిస్తాయి.

ఆమె పేరు రాయను. ఎప్పుడో ఒకసారి, నీ గురించి పత్రికలో రాయాలని ఉందక్కా అంటే, “పేరు అచ్చేసిన చోటల్లా ఎవరో ఒకరు అలుగుతారు. నా పేరు మాత్రం వద్దు తల్లీ” అంది. ఏళ్ళ తరబడి పెళ్ళి శుభలేఖలు కొట్టిన మనిషికి కలిగిన జ్ఞానం అది.

వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ల మధ్య, ఒక మేడమెట్ల కింద ఉండేది ఆ శుభలేఖల షాపు. ముందు గదిలో ఓనరు గారు కార్డుల నమూనాలు చూపించేవారు. వెనక, గోడకు ఆనించిన కంప్యూటరు ముందు అక్క కూర్చునేది. సన్నటి మనిషి. ఎప్పుడూ మంగళగిరి నేత చీరే. నోట్లో వక్కపొడి. టైపు చేసేటప్పుడు కళ్ళు తెర మీద ఉండేవి కావు, కాగితం మీదా ఉండేవి కావు. ఎదుటి గోడ మీద ఎక్కడో ఉండేవి. వాచీ ముఖం మణికట్టు లోపలికి తిప్పుకోవడం ఎందుకని అడిగితే, “టైము నన్ను చూడాలి గానీ నేను టైముని చూడకూడదు” అనేది. అసలు కారణం వేరు. బయటివైపు ఉంటే బల్ల అంచుకు తగిలి అద్దం పగిలేదట.

శుభలేఖ కొట్టించడానికి వచ్చిన రెండు వైపుల వాళ్ళూ ఆ షాపులోనే పోట్లాడుకునేవారు. ఎవరి పేరు ముందు, ఎవరిది తర్వాత. అక్క కాసేపు విని, చెయ్యి ఎత్తేది.

“ముందు పోయినోళ్ళు. తర్వాత అలిగేవాళ్ళు. ఆ తర్వాత మిగిలినోళ్ళు. ఈ వరస తప్పిందంటే భోజనాల దగ్గర తేలుద్ది, నన్నడగొద్దు.”

ఒక పెళ్ళికొడుకు మేనమామ తన పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యమని పట్టుబట్టాడు. “అట్టాగే వేస్తానండి బాబాయ్ గారూ. కాకపోతే మీరు పెద్దయ్యే కొద్దీ పక్కన పెళ్ళికొడుకు చిన్నోడవుతున్నాడు. పీటల మీద ఎవరు కూర్చుంటారో మీరూ మీరూ తేల్చుకోండి” అంది. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. అలిగేవాళ్ళను నవ్వించడం ఆమె పనిలో భాగం.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మైలవరంలో మా ఇంటి వసారాలో అమ్మే నాకు అక్షరాలు దిద్దించింది, లెక్కలు చెప్పింది, ఓపెన్ స్కూలు పరీక్షలు రాయించింది, డిగ్రీ కూడా ఇంటి దగ్గరే చదివించింది. అమ్మ పెట్టిన నియమం ఒక్కటే. ఏ పేజీ అయినా పైన ముందు ‘శ్రీరామ’ అని రాయాలి. అది లేకపోతే అమ్మ ఆ పేజీ చూసేది కాదు. ఆవిడ పోయాక విజయవాడలో మా పిన్ని ఇంటికి చేరాను. పిన్ని వాళ్ళ సందుకు ఎదురుగానే ఆ షాపు. నాకు బతుకు చూపించడానికే దేవుడు ఆ రెంటినీ ఎదురెదురుగా పెట్టాడని ఇప్పటికీ అనుకుంటాను.

టైపు నేర్పుతారా అని అడిగిన రోజున ఓనరు గారు తల అడ్డంగా ఊపారు. “మిషను ఖాళీగా ఉండదమ్మా.”

వెనక నుంచి అక్క అంది. “కరెంటు పోయినప్పుడు ఖాళీయేగా?”

వేసవి మధ్యాహ్నాలు ఇంకా కోతలు ఉన్న రోజులవి. ఇన్వర్టరు మీద ఒక ఫ్యాను తిరిగేది, అంతే. కంప్యూటరు పడుకునేది. ఆ సమయంలో ఎవరు మీటలు నొక్కినా ఓనరు గారికి పోయేదేమీ లేదు. అలా నా చదువు కరెంటు పోగానే మొదలై, రాగానే ఆగిపోయేది. వీధిలో అందరూ కరెంటు పోయిందని తిట్టుకుంటుంటే, నేను చెప్పులు వేసుకుని సందు దాటేదాన్ని.

తెర నల్లగా ఉండేది. అందులో మా ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనబడేవి కావు. నేను కొట్టింది ఏమిటో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఆమె నా వెనక స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినేది. ఏ అక్షరం తప్పిందో చెప్పలేకపోయేది గానీ, ఎక్కడ తడబడ్డానో ఠక్కున చెప్పేది. “ఆగావ్. ఎందుకాగావ్? అక్కడేమన్నా గేదె అడ్డమొచ్చిందా?”

ఆ కీబోర్డు పాతది. షిఫ్టు మీట నొక్కితే పెద్దగా, బొంగురుగా మోగేది. ‘శ్రీ’ కొట్టాలంటే ఆ మీట రెండుసార్లు మోగాలి. ఆ తర్వాత ‘రామ’కి మూడు తేలిక చప్పుళ్ళు. నేను ప్రతి పాఠానికీ ముందు అదే కొట్టేదాన్ని. ఎవరికీ కనబడదు కదా, ఆ నల్లటి తెర మీద దేవుడి పేరు రాసుకోవడం నాకు రహస్యంగా దణ్ణం పెట్టుకున్నట్టుండేది. కానీ అక్కకు వినబడిపోయేది.

“రాముడొచ్చాడా? సరే. ఇంక మనుషుల సంగతి చూడు.”

ఆ మాట ఆమె వెక్కిరింతగానే అనేది. కానీ నేను ఏ రోజైనా మరిచిపోయి నేరుగా మొదలుపెడితే, “ఏందే, ఇవాళ పెద్దాయన రాలా?” అని అడిగేది కూడా ఆమే.

కరెంటు తగువులు తీర్చే ప్రభుత్వ ట్రిబ్యునల్ ఒకటి విజయవాడలో ఆఫీసు తెరిచి, ఆఫీసు అసిస్టెంటు, టైపిస్టు పనికి మనుషులు కావాలని ప్రకటన ఇచ్చింది. రెండు పోస్టులు. అక్క ఫోనులో చూసి నా ముందు పెట్టింది.

“కరెంటు లేకుండా నేర్చుకున్నోళ్ళకి కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ఇంతకన్నా అర్హతేం కావాలే? రెండు పోస్టులు, ఇద్దరం ఉన్నాం. ఇంకెవరూ రావొద్దని ఒక బోర్డు పెట్టిద్దాం.”

నవ్వుతూ అంది గానీ, ఆమెకు అది ఆట కాదు. జనం శుభలేఖలు ఫోన్లలో పంపుకోవడం మొదలుపెట్టారు. షాపు మూసేస్తానని ఓనరు గారు అప్పటికే అనేశారు. ఇంట్లో నేత నేసే ఆమె భర్తకు కళ్ళు మసకబారుతున్నాయి. ఆయన మగ్గం గుంటలోకి ఇంకెన్నాళ్ళు దిగగలరో తెలియదు. పైగా ఆమెకు ప్రభుత్వ ఉద్యోగాల వయసు ఆ ఏడాదితో దాటిపోతుంది. “ఇది తప్పితే ఇంక నాకు పరీక్షే లేదు” అని ఒక్కసారే అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

దరఖాస్తుకు కాగితాల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. మా ఇద్దరికీ తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు మంగళగిరిలో పశువుల డాక్టరు గారు ఒక్కరే. ఆయన ఆసుపత్రి ముందు గేదెల వెనక లైన్లో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన సంతకాలు పెడుతూ, “ఏం ఉద్యోగమమ్మా?” అన్నారు. “కరెంటు కోర్టులోనండీ” అంది అక్క. “వస్తే మా ఆసుపత్రికి లో వోల్టేజీ లేకుండా చూడండి” అన్నారాయన. బయటికి వచ్చాక అక్క, “చూశావా, ఉద్యోగం రాకముందే మనకి అర్జీ వచ్చేసింది” అని పొంగిపోయింది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ రోజే.

హాల్ టికెట్ల వెనక సూచనలు ఆమె శుభలేఖ చదివినట్టు రాగం తీసి చదివింది. మాట్లాడిన వారిని బయటికి పంపుతారు. ఇచ్చిన పాఠం తప్ప పేరు గానీ, దేవుడి పేరు గానీ, ఏ గుర్తు గానీ పేపరు మీద ఉంటే ఆ పేపరు రద్దు. అక్కడ ఆగి నా వైపు చూసింది. “విన్నావుగా? నీ రాముణ్ణి ఆ పూటకి బయట చెప్పుల దగ్గర కూర్చోబెట్టు. ఆయనేమీ అనుకోడు.” నేను సరేనన్నాను. నిజంగానే అనుకున్నాను.

ఎవరి కీబోర్డు వాళ్ళు తెచ్చుకోవచ్చన్నారు. ఆమె షాపు కీబోర్డును మంగళగిరి తువ్వాల్లో చుట్టి తెచ్చి, నా ముందు పెట్టింది.

“మరి నీకక్కా?”

“నీ వేళ్ళకి దీని అలవాటుంది. నాదేముంది, వాళ్ళేదిస్తే అదే.”

ఒక కాలేజీ కంప్యూటరు గదిలో పక్కపక్కనే కూర్చున్నాం. గంట మోగింది. చుట్టూ ఒక్కసారిగా వాన పడినట్టు మీటల చప్పుడు. నేను కాగితం వైపు చూశాను, ఊపిరి తీసుకున్నాను, మొదలుపెట్టాను. రెండు మూడు పదాలు కొట్టానో లేదో, పక్క నుంచి ఆమె గొంతు వినబడింది, గోడ వైపు చూస్తూనే, పెదవులు కదలకుండా.

“రాముణ్ణి తీసెయ్.”

తెర వైపు చూశాను. పేజీ పైన శ్రీరామ ఉంది. నేను కొట్టినట్టే నాకు తెలియదు. తెర మీద ఏముందో చూసుకునే అలవాటు నాకెప్పుడూ లేదు మరి. ఆమె మాత్రం ఆ వానలో కూడా తన పాత కీబోర్డు బొంగురు గొంతును పట్టుకుంది.

“ఎవరు మాట్లాడింది?” అన్నారు అజమాయిషీ చేస్తున్న ఆయన.

“నేనేనండి.”

“లేవండి. ఎవరితో మాట్లాడారు?”

“ఎవరితోనూ లేదండీ. కొట్టేటప్పుడు నాలో నేను వాగుతుంటాను. పాడలవాటు.”

“బయటికి నడవండి.”

ఈ మాటలన్నీ నేను విన్నాను. అప్పటికి పైనున్నది చెరిపేశాను. చేతులు పాఠం అందుకున్నాయి. వాక్యం మధ్యలో ఉన్నాను. చుక్క పెట్టి తలెత్తేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నేను మళ్ళీ తల దించాను. రెండో వాక్యం మొదలుపెట్టాను.

పరీక్ష అయిపోగానే అక్కడి పెద్ద ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మెత్తని మనిషి, ఆయనకు నా దణ్ణాలు. అంతా విని, “మాట్లాడితే పంపెయ్యమని రూలమ్మా. ఏం మాట్లాడారన్నది రూల్లో లేదు. మీ పేపరు మీద ఇప్పుడు ఏ గుర్తూ లేదు. ఇంటికెళ్ళండి” అన్నారు.

అక్క బయట టీ కొట్టు దగ్గర సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటోంది. “పూర్తి చేశావా?” అంది. చేశానని, ఆఫీసరు గారితో చెప్పానని అన్నాను. ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

“ఏమని? నీదీ పోగొట్టమనా? నీకు భక్తుంది గానీ బుద్ధి లేదే! నేను లేచిపోయింది దేనికి మరి?” సాసరు కింద పెట్టేసింది. నేను ఏడుస్తుంటే కాసేపు చూసి, తువ్వాలు నా మొహం మీదికి విసిరింది. “ఊరుకో. రెండు పోస్టుల్లో ఒకటైనా మన షాపుకొస్తే చాలు.”

వచ్చింది. చేరనని నేను మొండికేస్తే, మా పిన్ని ఇంటికి వచ్చి కూర్చుంది. “చేరకపోతే ఆ కుర్చీ నాకిస్తారా? ఇవ్వరు. ఎవరో తెలియనోళ్ళకి పోద్ది. దానికన్నా నీకు రావడం నాకు నయం కదా.” నేనే చేరాను. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి ఉదయం దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. అమ్మకు, పిన్నికి, ఓనరు గారికి, ఆ పశువుల డాక్టరు గారికి కూడా. అక్క దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు. కృతజ్ఞత చెప్పుకోవాలంటే తీసుకున్నది మనదై ఉండాలనిపిస్తుంది.

రెండేళ్ళ కిందట ఆమె మా ఆఫీసుకు వచ్చింది. షాపు కరెంటు కనెక్షను గురించి ఓనరు గారికి ఏదో తగువు. ఆయనకు తోడు వచ్చింది. ట్రిబ్యునల్ సభ్యులు గారు ఉత్తర్వు చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. తలెత్తి చూడలేదు కానీ, ఆమె చివరి వరసలో కళ్ళు మూసుకుని కూర్చుని ఉందని నాకు తెలుసు.

విచారణ అయ్యాక వరండాలో నిలబడ్డాం. “మేడం గారూ, దండాలు” అంది ముందు. నేను చెయ్యి పట్టుకున్నాను. “ఎలా కొడుతున్నానక్కా?”

“బాగా కొడుతున్నావే. కాకపోతే మొదట పెద్దాయన వినబళ్ళా.”

ఆ పరీక్ష రోజు నుంచి కొట్టడం లేదని చెప్పాను. ఆ పేరు కొడితే నువ్వు లేచి వెళ్ళిపోయిన కుర్చీ గుర్తొస్తుందని చెప్పాను. ఆమె వక్కపొడి నమలడం ఆపేసింది.

“అదేందే! ఒక్క పూట బయట కూర్చోబెట్టమన్నా గానీ, జన్మంతా ఇంట్లోకి రానివ్వొద్దన్నానా? ఆయన్ని కూడా నాతోపాటే బయట నిలబెట్టావా?”

 ఆమే మాట మార్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “ఇక్కడ పాత ఫైళ్ళు కంప్యూటరులోకి ఎక్కించే పని ఏమన్నా వస్తే చెప్పు. వయసు అడగని పని” అంది. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి. అడిగి వెంటనే నవ్వేసింది, అడగనట్టు.

నేను సూపరింటెండెంటు గారిని అడిగాను. పని రాగానే మనుషుల్ని పెట్టే ఏజెన్సీ వాళ్ళకు చెబుతామన్నారు. నెల నెలా గుర్తు చేశాను. ఆ పని ఇంకా రాలేదు. వస్తే వెళ్ళి చెబుదామని నేను ఆగాను. ఆమె ఆగలేదు.

పెద్దకర్మ రోజున మంగళగిరి వెళ్ళాను. ఇంటి ముందు షామియానా వేశారు. ఆమె భర్త గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు ఇప్పుడు మనుషులు నీడల్లా కనబడతారట. దగ్గరకు వెళ్ళి, “బావగారూ, నేను” అనగానే గొంతు పోల్చారు.

“ట్రిబ్యునల్ అమ్మాయివా? కూర్చోమ్మా. నీకు వచ్చింది, మా దానికి రాలా. ఆ రోజు వేళ్ళు వణికిపోయినయ్యంట. అన్నీ తప్పులే కొట్టానని చెప్పింది.”

నాకు మొదట అర్థం కాలేదు.

“నేనూరుకున్నానా? ఎవరు ఇంటికొచ్చినా దాని ముందే అనేవాణ్ణి. మా ఆవిడకి పెళ్ళికార్డులు తప్ప ఆఫీసు కాగితాలు చేతకావు, పరీక్షలో చేతులు వణికినయ్ అని. పోగు తెగితే నేను అతుకుతా, నీ పరీక్ష అతికిందా అనేవాణ్ణి. నవ్వేది. ఒక్క మాట తిరిగి అనేది కాదు.”

పక్కన ఆయన చెల్లెలు, మరిద్దరు బంధువులు తలలూపారు. అందరికీ తెలిసిన సంగతే అది. అందరూ ఏళ్ళుగా నవ్విన సంగతి.

ఆయనకు తెలుసనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరికీ చెప్పలేదని, నన్ను ఎవరూ వేలెత్తి చూపకుండా ఆ నవ్వులన్నీ తనే తీసుకుందని నాకు అక్కడ, ఆ చాప మీద తెలిసింది. చెప్పాను. రాముడి పేరు, ఆ కీబోర్డు, ఆ ఒక్క మాట, ఆ ఖాళీ కుర్చీ. ఏదీ దాచలేదు.

ఆయన చాప అంచును వేళ్ళతో తడుముతూ ఉండిపోయారు.

“వణకలేదా?”

“లేదు బావగారూ. ఆమె పూర్తి చేసి ఉంటే మా అందరికన్నా ముందుండేది.”

“పోన్లే అన్నయ్యా, ఇప్పుడెందుకవన్నీ” అంది చెల్లెలు. ఆయన ఆమె మాట వినలేదు. కనబడని ఆ కళ్ళతో నా గొంతు ఉన్నవైపే చూస్తున్నారు. నేను నా బరువు దించుకుందామని వెళ్ళినదాన్ని కాదు. కానీ లేచేసరికి అందులో సగం ఆయన భుజాల మీద పెట్టాను. ఇంతకాలం నేనొక్కదాన్నే మోశాను. ఇప్పుడు ఇద్దరం.

వెళ్ళొస్తానని చెప్పినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఊరందరి ముందూ అన్నాను కదమ్మా. ఇప్పుడు ఊరందరికీ నేనెట్టా చెప్పేది?”

“నేను రాస్తాను బావగారూ” అన్నాను.

అందుకే ఇది రాశాను. చదివిన మీకు నాదొక్క మనవి. వన్ టౌన్‌లో శుభలేఖలు కొట్టిన ఒక టైపిస్టును గుర్తుంచుకోండి. ఆమె మాట ఎవరైనా ఎత్తితే, నా తరఫున, ఆయన తరఫున ఈ ఒక్కటి చెప్పండి. ఆ రోజు పరీక్ష గదిలో ఆమె వేళ్ళు వణకలేదు.